మూడో మాల

ఆ… వదినా, నేనే. సిద్దప్పని. ఇందాక మిస్డ్ కాల్ ఇచ్చింది నేనే.

…

అందురూ బాగుండారు. కుప్పంలో మీరంతా…? ఆ. ఈడ తెల్లారి నుంచి ఒకటే మబ్బు. పుంగనూరు పక్క నల్లగా దిగింది. ఒక్క సినుకు రాల్లేదు. మళ్ళా తెల్లబడి అట్లనే పాయ. టమాటా కోత పెట్టుకోనుంటిమి, కూలోళ్ళు మబ్బు జూసి…

…

లేదు లేదు, మబ్బు సంగతి సెప్పేదానికి కాదు సేసింది.

…

సెప్తా. రొంత ఉండు, వాకిట్లోకి వస్తా… ఆ. మీ సెల్లెలు మళ్ళా మాల ఏసుకునింది.

…

అమ్మవారి శక్తి మాలే. ఎర్ర సీర, ఎర్ర రయిక. సలికాలంలో అందురితో పాటు ఏసుకునింది, సరే. గుడికి పోయొచ్చి అందురూ తీసేసిరి. ఈమె ఎండాకాలంలో మళ్ళా ఏసుకునింది. అదీ సరే. ఇప్పుడు మూడోతూరి! ఏం మొక్కో నాకు సెప్పల్యా.

…

భక్తి మంచిదే వదినా, నేను కాదంటానా! ఆడమనిషి మెళ్ళో మాల ఉంటే మొగుడు వసారాలో పండుకోవాల. పండుకోనే ఉండా. దోమలకి నేనంటే బో ఇష్టం. ఆమెకే…

…

నవ్వద్దు. నాకేం కుర్రతనమా? పక్కన మనిషి లేకుంటే నిద్దర పట్టదు. అంతే.

…

ఊర్లోనా? ఊర్లో ఆమెకి బో పేరు! మొన్న రామసముద్రం నుంచి ఎవురో బిడ్డని ఎత్తుకోనొచ్చి, ‘మీ ఇంట్లో తల్లి దీవిస్తే జరం దిగతాదంట గదా’ అనె. నేనే ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపిస్తి. జరం దిగినాక టెంకాయ ఈమెకి తెచ్చిరి.

…

నేనేం జేసినానా? అదే తెలీక సస్తాండా. బీడీ వాసన గిట్టదేమోనని బీడీ మానేస్తి. పుంగనూరులో గమగమలాడే సోపు తెస్తి. తలకి రంగేసుకుంటి… ఆ, సెవులకి గూడా అంటుకునింది. నీకెవురు సెప్పినారు? ఆమేనా? … నవ్విందా? అయితే నా మింద కోపం లేదు గదా! మరి యాల?

…

ఏందీ?

…

ఉండా. ఇంటాండా. నొప్పా? యాడ నొప్పి? … ఓ. … ఉండుండు వదినా. ఎదురింటి కౌసల్య బిందె పెట్టుకోని ఈ పక్కే సూస్తాండాది. ఆవుల కొట్టంలోకి పోతా… ఆ, ఇప్పుడు సెప్పు. ఈడ ఆవు తప్ప ఎవురూ లేరు. అదీ ఆడదే, ఇంటే ఇననీ.

…

ముట్లు ఆగినాక… ఊ. తడి ఆరిపోయి… మంటా? దగ్గిరికి పోతే పుండు మింద గీకినట్టా? … ఎన్నాళ్ళ నుంచి? … మొదటి మాలకి ముందు నుంచీనా?

…

అయితే ఈ మాలలన్నీ… నాకు భయపడా?

…

…

వదినా, ఆవు ఒక పూట మేత ముట్టకపోతే కనుక్కుంటా నేను. టమాటా ఆకు రొంత ముడుసుకుంటే గట్టు మింద నుంచే సెప్తా. పక్కన పండుకున్న మనిషి పళ్ళు కరుసుకోనుంటే… సిగ్గనుకుంటి.

…

నోరు తెరిసి సెప్పుండచ్చు గదా ఆమె? … నేను అడిగినానా అంటే… అడగల్యా. మాటలొచ్చే మనిషినా నేను? పెండ్లైనప్పటి నుంచి నీతో మాట్లాడిందంతా కలిపినా ఈ పొద్దు మాట్లాడినంత ఉండదు.

…

శానామందికి వస్తాదా? ఎవురూ సెప్పుకోరు. ఊ. … నీకు గూడానా? వద్దు వద్దు, సెప్పొద్దు వదినా! అన్న మొగం ఎట్ల జూసేది నేను మళ్ళా? … అన్న డాక్టరమ్మ దగ్గిరికి వచ్చినాడా? లోపలికి గూడానా? బస్సులో ఆడోళ్ళ సీటు పక్కన నిలబడేదానికే సిగ్గుపడే మనిషి!

…

మందుండాదా? … డాక్టరమ్మ రాసిచ్చే క్రీము. లోపల పెట్టుకునేది. ఊ. ఒకనాటికే కాదు, కొన్నాళ్ళు ఆగాల. … వదినా, ఒగటి అడగతా, తిట్టొద్దు. అంతవరకూ ఆముదం ఏమన్నా…

…

సరే సరే! తిట్టొద్దంటిని గదా! బండి ఇరుసు కాదు, తెలుసు. నేను అనల్యా అనుకో.

…

మెడికల్ షాపులో నేనే అడిగి తెస్తే? … అదీ వద్దా. ముందు డాక్టరమ్మ సూడాల. నొప్పికి వేరే కారణాలు గూడా ఉంటాయా… షుగర్ గూడా సూస్తారా? సరే, సూడనీ. మదనపల్లిలోనే గదా. జయశీల డాక్టరమ్మ. గుర్తు పెట్టుకుంటా. … నేనూనా? ఆడ ఆడోళ్ళంతా కూర్చోనుంటారు, నేను తల యాడ పెట్టుకునేది? … అన్న పెట్టుకున్నాడు. సరే. పోతా.

…

నయమైనాక గూడా ఆమెకి ఇష్టమైతేనే. … అది డాక్టరమ్మ సెప్పాల్నా వదినా, నాకు తెలీదా…

…

ఆ. తెలీకనే పాయ ఇన్నాళ్ళూ. నిజమే.

…

శ్… మీ సెల్లెలు వస్తాండాది. … ఎవురూ లేరుమే! మండీకి సేసినా. టమాటా రేటు అడగతాండా. … కొట్టంలో యాల అంటే… సిగ్నల్! … వదినా, ఏం జెయ్యాల? … సెప్పేయమంటావా? ఇప్పుడేనా?

…

యేమే. మండీ కాదు. మీ అక్క.

…

సెప్పింది. … అంతా.

…

…

యాల అట్ల నిలబడిపోతివి? ఇట్ల కూర్చో. పేడుండాది, ఈ పక్కకి… ఆ. ఏడవద్దు. నేనేమన్నా అంటినా? … సిగ్గు యాల? జరమొస్తే సిగ్గుపడతామా? రేపు మదనపల్లికి పోదాం. నేనూ వస్తా. … గేటు దాకా కాదుమే, లోపలికే. … అన్న పోయినాడంట! … అవును, మీ బావే! … సూడు వదినా, ఏడుస్తానే నవ్వతాండాది.

…

ఊర్లో ఏమన్నా అనుకోనీ. మాల నేను తీయమన్ల్యా. అమ్మకి మొక్కుంటే ఉంచుకో, నీ ఇష్టం. నాకు భయపడి మాత్రం ఏసుకోవద్దు. … మాల లేకున్నా సరే, నువ్వు వద్దంటే వద్దే.

…

…

ఊ. పద.

…

వదినా, సంగటి సల్లారిపోతాదంట. పోతాండాం. … ఇదో, ఫోను జేబులో ఏసుకుంటాండా.

…

నాకొక్కడికే పెడతావే? నువ్వూ ఏసుకో. … ఈడే, నా పక్కనే కూర్చో. … ఊరుబిండి రొంత, నంజుకునేదానికి. … సాలు. తిను.

…

…

…

హలో? వదినా, ఇంగా ఉండావా? … ఏం ఇనపడలేదా? తింటాండాం. … ఆ, ఇద్దురమూ. … మాటల్లేవు. తింటాండాం, అంతే. పెట్టేస్తాండా.