ప్రాసెసర్‌కి జలుబు

కోతల బాబాయి నోరు విప్పాడంటే టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు టీ గుటకలేయడం మానేసి చప్పరించడం మొదలుపెడతారు. గ్లాసు ఖాళీ అయితే లేవాలి, లేస్తే కథ సగంలో పోతుంది. అతని పని ఫ్యాన్లు బాగుచేయడం. కాలిపోయిన మోటారుకు తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేయడంలో నిజంగానే చెయ్యి తిరిగినవాడు. ఆ మాటకొస్తే చెయ్యి కంటే నాలుకే ఎక్కువ తిరుగుతుంది, అది వేరే సంగతి.

అతనికి ఇంకో జబ్బు కూడా ఉంది. కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ కవరు తాను తీయడు, ఇంకొకర్ని తీయనివ్వడు. తీస్తే పాతబడిపోతుందట. స్కూటర్ సీటు మీద కొన్ననాటి కవరు పీలికలై గాలికి రెపరెపలాడుతూ ఉంటుంది. టీవీ రిమోటుకున్న కవరు మాసిపోయి అంకెలు కనబడవు, ఇంట్లోవాళ్ళు వేలికి గుర్తున్న చోట నొక్కుకుంటారు. వాచీ అద్దం మీది పొర పచ్చబడిపోయింది, టైము కావాలంటే పక్కవాళ్ళని అడుగుతాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం అతను కథ చెప్పడానికి కూర్చోలేదు. పై అంతస్తు మీద ఒక చెవి వేసి కూర్చున్నాడు. కొట్టు పై అంతస్తులోనే వాళ్ళ అన్నయ్య ఇల్లు. అక్కడ అన్నయ్య కూతురు కంప్యూటర్ ముందు గోళ్ళు కొరుక్కుంటూ ఉంది. ఆ అమ్మాయి బొమ్మల సినిమాలు చేస్తుంది. ఉన్న ఉద్యోగం పోయి ఏడాది అవుతోంది. ఇన్నాళ్ళకు ఒక స్టూడియో వాళ్ళు, సొంతంగా చేసిన చిన్న సినిమా ఏదైనా సాయంత్రం ఆరులోపు పంపితే చూస్తామన్నారు. సినిమా సిద్ధంగానే ఉంది. కాకపోతే ఆ బొమ్మలన్నిటినీ కంప్యూటర్ చివరిసారి ఒకటిగా కూర్చి ఇవ్వాలి. ఆ పనికి దిగిన ప్రతిసారీ ప్రాసెసర్ వేడెక్కి, మొత్తం టప్పున ఆరిపోతోంది.

"వేడికి మందు గాలే కదమ్మా, గాలి సంగతి నాకొదిలెయ్" అని బాబాయి పొద్దున్నే వెళ్ళి, ప్రాసెసర్ నెత్తిన దాన్ని చల్లబరిచే బుల్లి ఫ్యాను కూలర్ ఉంటుంది, ఆ పాతది పీకి, కొత్తది బిగించి వచ్చాడు. మాటిచ్చిందీ అతనే, చెయ్యి పెట్టిందీ అతనే. ఇప్పుడు పైన పని మొదలుకాబోతుంటే కింద అతనికి కుదురు లేదు. భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, బాబాయి కోతలు కోస్తాడు.

"పొద్దున ఏం చేశానో తెలుసా బావా?" అన్నాడు పక్కనే కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న టైలర్‌తో. "కంప్యూటర్ డబ్బా మూత తీశాను. లోపలంతా దుమ్ము. శుభ్రంగా దులిపాను. కొత్త కూలర్ బిగించాను. అంతే!"

"దులపడం మా ఇంట్లో నేనూ చేస్తాను బావా. దానికి ఎవరూ దండ వెయ్యలేదు" అన్నాడు టైలర్, దారం పళ్ళతో తెంపుతూ.

పైన బాల్కనీలోంచి కేక వినబడింది. "బాబాయ్, మొదలుపెట్టేశా! యాభై ఐదు డిగ్రీలు!"

"విన్నారా!" బాబాయి ఛాతీ రెండంగుళాలు పొంగింది. "యాభై ఐదంటే చల్లగా ఉన్నట్టే. అయినా ఇదో లెక్కా? ఆ పత్రికాఫీసు కంప్యూటర్ సంగతి మీకు చెప్పలేదు కదూ?"

"చెప్పలేదు. అయినా బతికే ఉన్నాం" అంది టీ కొట్టు అక్క, పాలు తిరగబోస్తూ. "నా స్టవ్ బిగించిన రోజు కూడా ఇలాగే గొప్పలు చెప్పావు తమ్ముడూ, ఆ ముచ్చట నేనింకా మర్చిపోలేదు."

బాబాయి ఆ మాట విననట్టే గొంతు సవరించుకున్నాడు.

"అప్పట్లో ఆ పత్రికాఫీసులో ఒక కంప్యూటర్ ఉండేది. దాని వేడి ఎంతంటే, ఆఫీసులో వాళ్ళెవరూ టీకి బయటికెళ్ళే పనే లేదు, డబ్బా మీద గిన్నె పెడితే పాలు పొంగిపోయేవి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు వచ్చారు, చెయ్యి పెట్టారు, చురుక్కుమంటే తీశారు, వెళ్ళిపోయారు. చివరికి నాకు కబురొచ్చింది. వెళ్ళాను. మూత తీశాను. దుమ్ము తీస్తూ ఉంటే ఒక దిండు నిండింది బావా, ఇంకా తీస్తే రెండో దిండు నిండింది, ఇంకా లోపలికి చెయ్యి పెట్టాను. ఏమొచ్చిందో తెలుసా?"

"పరుపు" అన్నాడు టైలర్.

"పిచ్చుక! గూడు కట్టుకుని పిల్లల్ని కూడా చేసింది. 'ఇప్పటికొచ్చావా నాయనా, ఉక్కతో చస్తున్నాం' అన్నట్టు చూసింది. దాన్ని పిల్లలతో సహా కిటికీలో కూర్చోబెట్టి అప్పుడు కూలర్ బిగించాను. దాని ఫ్యాను నా కంటికి ఆనలేదు. విప్పేసి నా చేత్తో నేను తీగ చుట్టి స్విచ్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గాలికి గోడ మీద క్యాలెండర్ జనవరి నుంచి గిర్రున తిరిగి డిసెంబర్‌కి వచ్చేసింది. ఏడాది గడిచిపోయింది, జీతాలు పెంచమని గుమాస్తాలంతా మేనేజర్ గదిలోకి పరిగెత్తారు. అక్కడ మేనేజర్ గారి విగ్గు లేచి, కిటికీలోంచి ఎగిరి, ఎదురింటి దండెం మీద పడింది. ఆ ఇంటావిడ పిల్లి అనుకుని దానికి పాలు పెట్టింది."

"తాగిందా?" అంది అక్క.

"సగం తాగింది."

"బాబాయ్, డెబ్బై రెండు!" అని పైనుంచి కేక.

బాబాయి మెడ ఠక్కున పైకి తిరిగింది. డెబ్బై రెండా? పొద్దున మరలన్నీ తనే బిగించాడు, ఒక్కటీ వదల్లేదు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు కూడా పూశాడు. "పరవాలేదమ్మా, పని చేసేటప్పుడు మనిషికి మాత్రం చెమట పట్టదూ!" అని పైకి అరిచి, ఇంకాస్త గొంతు పెంచాడు. "ఎక్కడున్నాం? ఆఁ, డిగ్రీలు. డిగ్రీలు దిగడం మొదలైంది బావా. నలభై అయింది, ముప్ఫై అయింది, ఇరవై దగ్గర మేనేజరు బోడిగుండు చేత్తో కప్పుకుని, 'చాలు నాయనా, ఆపు' అన్నాడు. ఆగితేగా! నా చేత్తో చుట్టిన ఫ్యాను నా మాటే వినదు. పది అయింది, సున్నా అయింది, సున్నా కూడా దాటేసింది."

"సున్నా దాటాక ఇంకేముంటుంది?"

"కింద అంతస్తు ఉంటుంది. అక్కడికి దిగింది. డబ్బా మీద మంచు పేరుకుపోయింది. తెర మీద బాణం గుర్తు ఉంటుంది చూడు, అది గడ్డకట్టి మధ్యలో నిలబడిపోయింది. మౌస్ ఎంత తిప్పినా కదల్దు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెడితే అప్పుడు కరిగి, బొట్టు బొట్టుగా కారి అడుగుకి దిగింది. ఇంతలో ప్రాసెసర్‌కి జలుబు చేసింది. తుమ్మింది అక్కా! స్పీకర్లోంచి, 'హాచ్' అని, ఈ రెండు చెవులతో విన్నాను. ఆ రోజు పత్రికలో అక్షరాలన్నీ గజగజ వణుకుతూ అచ్చయ్యాయి. చదివినవాళ్ళంతా తమ కళ్ళకే ఏదో అయిందనుకుని డాక్టర్ దగ్గర వరస కట్టారు."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఏమంటాడు? అదే పత్రిక చదివి, ఆయనా అదే వరసలో నిలబడ్డాడు."

టైలర్ నవ్వి నవ్వి సూది గుచ్చుకున్నాడు. అప్పుడే పైనుంచి మళ్ళీ వినబడింది. ఈసారి అది కేకలా లేదు. "బాబాయ్... ఎనభై ఎనిమిది. ఎక్కుతూనే ఉంది."

బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తన పంతానికి ఆ పిల్ల ఉద్యోగం బలైపోతుందేమోనని మొదటిసారి నిజంగా భయమేసింది. తెలిసినవాళ్ళని పిలుద్దామని వదిన అంటే, నేనుండగా ఇంకొకడెందుకని కసిరింది కూడా తనే.

"ఏం తమ్ముడూ, మంచు కురిపించిన చెయ్యేగా ఇది?" అంది అక్క. "మరి పిల్ల కంప్యూటర్‌కి వేడి అలా ఎక్కుతోందేం?"

"కూలర్లో లోపం లేదక్కా" అన్నాడు బాబాయి. "దాని అడుగు చూడాల్సింది నువ్వు. తళతళలాడిపోతోంది. అందులో చూసుకుని మీసం దువ్వుకున్నాను. ఆ మెరుపు పోకుండా పైన సన్నటి పొర. పొర అంచుకి ముచ్చటగా చిన్న ఎర్ర తోక. కంపెనీవాడి పనితనం అంటే అలా..."

పైన ఫ్యాను హోరు టక్కున ఆగిపోయింది. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆరిపోయింది బాబాయ్. సగం కూడా కాలేదు. ఇంక టైము లేదేమో."

బాబాయికి నోట మాట రాలేదు. అలాంటి రోజొకటి వస్తుందని ఆ బల్ల మీద ఎవరూ అనుకోలేదు.

అక్క మాత్రం గరిట కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది. "తమ్ముడూ, ఆ ఎర్ర తోకని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? ఊడిపోకుండా జాగ్రత్తగా లోపలికి మడిచాను."

"పొర?"

"పొర ఎందుకు తీస్తానక్కా, కొత్తది కదా!"

"అదీ సంగతి!" అంది అక్క. "నా కొత్త స్టవ్‌కీ ఇలాగే చేశాడమ్మా. స్టీలు మీది పొర తియ్యొద్దు, అందం పోతుందన్నాడు. వెలిగించగానే అంటుకుంది. వారం రోజులు ఈ కొట్లో ఏ టీ తాగినా కాలిన చెప్పు వాసనే. ఆ తోక ఉన్నది పట్టుకు లాగడానికిరా నాయనా, మడిచి దాచుకోవడానికి కాదు."

అమ్మాయి బాబాయి వంక తెల్లబోయి చూసింది. ఏడుపు మొహం మీదే నవ్వు మొలిచింది. "బాబాయ్! ప్రాసెసర్ వేడి కూలర్లోకి ఎక్కాలి కదా. మధ్యలో ప్లాస్టిక్ వేసి బిగించావా? దుప్పటి కప్పినట్టు?"

"జలుబు చేస్తుందని కప్పాడమ్మా!" అన్నాడు టైలర్.

బల్లంతా గొల్లుమంది. బాబాయి సిగ్గుతో చితికిపోయాడు. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి అది సమయం కాదని అతనికి తెలుసు. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు. వెనకాల అమ్మాయి, ఆ వెనకాల గుడ్డముక్కలు పట్టుకుని టైలర్, స్టవ్ ఆపేసి అక్క.

గదిలో కిటికీ తెర దించి ఉంది. డబ్బాని బల్ల మీద పక్కకి పడుకోబెట్టారు. వేడి తగ్గేదాకా అక్క విసనకర్రతో విసిరింది. మరలు విప్పి కూలర్ పైకి తీసేసరికి అడుగున పేస్టు కింద నలిగిపోయిన పొర, మడిచిన ఎర్ర తోకతో సహా, బుద్ధిగా అంటుకుని ఉంది. టైలర్ గుడ్డతో పేస్టు తుడిచాడు. బాబాయి తోక పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక కొత్త వస్తువు మీద పొర తీసినవాడు కాదు. ఒక్కసారి అమ్మాయి మొహం చూశాడు, కళ్ళు మూసుకుని సర్రున లాగేశాడు. చొక్కా జేబులోంచి మిగిలిన పేస్టు తీసి పూసి, మళ్ళీ బిగించాడు. మాటలు లేకుండా పని చేస్తే ఆ చేతులు ఎంత చురుగ్గా ఉంటాయో అందరూ అప్పుడు చూశారు.

కంప్యూటర్ లేచింది. పని మొదలైంది. యాభై నాలుగు. యాభై తొమ్మిది. అరవై రెండు దగ్గరికొచ్చి అంకె అక్కడే కుదురుగా కూర్చుంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. బాబాయి ఊపిరి పీల్చుకుంటే పక్కింటికి వినబడింది.

ఆరు కొట్టకముందే సినిమా తయారైంది. వానలో చిన్న గొడుగు కింద దూరాలని తంటాలుపడే ఏనుగు పిల్ల కథ అది. తొండం లోపలుంటే తోక తడుస్తుంది, తోక లోపలుంటే తొండం తడుస్తుంది. అక్క పగలబడి నవ్వింది. అమ్మాయి పంపించేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు మెట్లు దిగేలోపే జవాబొచ్చింది. 'అందింది. ఏనుగు పిల్ల మాకందరికీ నచ్చింది. రేపు పొద్దున మాట్లాడదాం, రాగలరా?'

"రాగలను, రాగలను" అని ఫోనుకే చెప్పేసింది అమ్మాయి. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు. "నువ్వు ఆ తోక గురించి కోతలు కోయకపోతే ఎవరికీ తెలిసేదే కాదు బాబాయ్" అందా అమ్మాయి.

ఆ ఒక్క మాట చాలు కదా! బల్ల మీద కూర్చునేసరికి బాబాయి ఛాతీ మళ్ళీ ఎప్పటి కొలతకి వచ్చేసింది. "అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను వినండి. ఆ పొర మర్చిపోయి వదిలింది కాదు. అది తీసేసి ఉంటే, నా చెయ్యి పడ్డ కూలర్ కదా, మొదటి దెబ్బకే చలి పుట్టి ఏనుగు పిల్లకి జలుబు చేసేది. అందుకని నేనే ముందుచూపుతో..."

"అలాగే తమ్ముడూ" అంది అక్క, వేడి టీ చేతికందిస్తూ. "పనిలో పని, ఆ స్కూటర్ కవరు కూడా ఇవాళే పీకెయ్. అలాగే నీ బుర్ర మీద కవరు కూడా ఉండే ఉంటుంది, చూసుకో. పాతబడిపోతుందని ఇన్నాళ్ళూ వాడకుండా దాచినట్టున్నావు."