తెర నల్లబడ్డాక తిరిగిన మోటార్

పైన రాసిన పేరు, చిరునామా నావే. వయసు ముప్పై ఆరు. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. మార్కెట్ రోడ్డులో టైలరు దుకాణం మెట్ల కింద చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా చేసుకుంటున్నాను. ప్రమాదం జరిగిన చెక్క కార్ఖానా యజమాని నా భర్తకు స్వయానా అన్నగారు, అంటే నాకు బావగారు. ఈ సంగతి నేనే ముందు చెబుతున్నాను. తర్వాత ఇంకెవరో చెబితే దాచాననుకుంటారు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం, వాళ్ళు కింద, మేము పైన. నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే పోలీసు స్టేషన్‌కు వచ్చి తమకు చెబుతున్నాను.

కార్ఖానాలో తలుపుల మీద పువ్వులు, లతలు చెక్కే మిషన్ ఒకటి ఉంది. పెద్ద బల్ల, దాని మీద అటూ ఇటూ కదిలే చట్రం, చట్రానికి మోటార్, మోటార్ కొసన వేలంత కట్టర్. దీన్నంతా నడిపేది పక్కనే ఇనప డబ్బాలో ఉన్న ఒక పాత కంప్యూటర్. అందులో ఉన్నది విండోస్ లాంటిదే, లైనక్స్ అంటారు. ఆ మిషన్ మీద పనిచేసే మనిషిని కార్ఖానాలో అందరూ పాటలాయన అంటారు. మిషన్ ఎంత మోత చేస్తే ఆయన అంత గొంతెత్తి పాడతాడు. యాభై దాటినవాడు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. మిషన్ చెక్కిన పువ్వు ఆయనకు నచ్చదు. రేకుల అంచులు మొద్దుగా వచ్చాయని ఉలి పట్టుకుని మళ్ళీ తానే సరిచేస్తాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, దానికి వేరే కూలీ లేదు.

వానలు మొదలైన రోజుల్లో బావగారు నన్ను మొదటిసారి పిలిచారు. కంప్యూటర్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది, కొట్టాక తెరంతా నల్లగా అయిపోతోంది, బాణం గుర్తు ఒక్కటే కదులుతోంది, డెస్క్‌టాప్ రావడం లేదు అన్నారు. వెళ్ళి చూశాను. డిస్కు పూర్తిగా నిండిపోయి ఉంది, దాంతో డెస్క్‌టాప్ లేవలేకపోతోంది. దానికితోడు సాయంత్రం పని అయిపోగానే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయకుండా గోడ మీది మెయిన్ స్విచ్ కట్టేస్తున్నారు. అలా కట్టేసిన ప్రతిసారీ లోపల ఎంతోకొంత చెడుతుంది. పాత డిజైన్ల నకళ్ళు తీసేసి, పాడైన ఫైళ్ళు సరిచేశాను. డెస్క్‌టాప్ వచ్చింది. ఇకనుంచి ముందు మెనూలోకి వెళ్ళి షట్‌డౌన్ నొక్కండి, లోపలి ఫ్యాను ఆగిందని చెవితో విన్నాకే మెయిన్ కట్టండి అని పాటలాయనకు చెప్పాను. ఆయన నా ఎదుటే రెండుసార్లు చేసి చూపించాడు. ఆ తర్వాత ఆయన షట్‌డౌన్ నొక్కడం ఒక్కసారీ తప్పలేదు. అది నేను ఒట్టి నమ్మకంతో అంటున్న మాట కాదు, ముందు ముందు చెబుతాను.

కొన్నాళ్ళకు ఆయనే నా దుకాణానికి వచ్చాడు. షట్‌డౌన్ నొక్కితే తెర నల్లబడుతోంది గానీ ఫ్యాను ఆగడం లేదన్నాడు. ఒక్కోసారి కాసేపటికి దానంతట అదే మళ్ళీ మొదలవుతోందన్నాడు.

"ఇది మా మామగారి బాపతు చెల్లెమ్మా. వెళ్ళొస్తానంటాడు, చెప్పులు వేసుకుంటాడు, గుమ్మం దాటతాడు. హమ్మయ్య అనుకునేలోగా వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంటాడు" అన్నాడు.

నేను నవ్వాను. మర్నాడు వెళ్ళి చూశాను. తెర నల్లబడగానే ఆగిపోయినట్టు కనిపిస్తుంది కానీ అది ఆగడం కాదు. ఒక కీ నొక్కితే ఆ నలుపు వెనక జరుగుతున్నది అక్షరాల్లో కనిపిస్తుంది. మోటార్‌ను నడిపే ప్రోగ్రామ్ మూతపడటం లేదు, దాని కోసం మిగతాదంతా కాచుకుని కూర్చుంది. చివరికి గడువు దాటిపోయి బలవంతంగా మూసేస్తుంది. అప్పుడు కరెంటు ఆగాలి. ఈ కంప్యూటర్ బోర్డు పాతది, ఆగడానికి బదులు ఒక్కోసారి మళ్ళీ మొదటినుంచి లేస్తోంది. నాకు తెలిసిన సెట్టింగులన్నీ మార్చి చూశాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. కంప్యూటర్ అలా తిరిగి లేచేటప్పుడు, తన ప్రోగ్రామ్ ఇంకా మొదలుకాని ఆ కొద్ది సేపట్లో, మోటార్‌కు వెళ్ళే తీగలోకి కరెంటు వస్తోంది. ఎవరూ ఏమీ నొక్కకుండానే కట్టర్ తిరుగుతోంది. నేను అక్కడే నిలబడి కళ్ళారా చూశాను. కార్ఖానాలో పాలిష్ పట్టే ఆవిడ, అందరం పిన్ని అంటాం, ఆమె కూడా చూసింది, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ఎర్ర బటన్ లేదా అని తమరు అడిగారు. ఉంది. ఆ బటన్ నొక్కితే ఆ మాట కంప్యూటర్‌కు చేరుతుంది, కంప్యూటర్ మోటార్‌ను ఆపుతుంది. కంప్యూటర్ ఇంకా లేస్తూ ఉన్నప్పుడు ఆ బటన్ మాట వినేవాళ్ళు లేరు.

బావగారిని పిలిచి, పాటలాయన, పిన్ని వింటుండగానే చెప్పాను. బోర్డు మార్చాలి, అది దొరికేదాకా మోటార్‌కు విడిగా ఒక స్విచ్ పెట్టించాలి, ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, అదీ పెట్టేదాకా షట్‌డౌన్ తర్వాత గోడ మీది మెయిన్ కట్టకుండా ఎవరూ కట్టర్ దగ్గర చెయ్యి పెట్టకూడదు అని. ఆయన విన్నారు. సరేనమ్మా, ఈ హోటల్ వాళ్ళ తలుపులు పంపించేశాక చూద్దాం అన్నారు. తర్వాత రెండుసార్లు ఇంట్లో గుర్తుచేశాను. రెండోసారి భోజనం దగ్గర చెప్పాను. తినేటప్పుడు కార్ఖానా గొడవ ఎందుకని తోటికోడలు అంది. నేను ఊరుకున్నాను.

ఆ హోటల్ వాళ్ళ తలుపులకు తెచ్చిన ప్లైవుడ్ పలకలు పెట్టడానికి లోపల చోటు చాలలేదు. గోడకు ఆనించి నిలువుగా పేర్చారు. మెయిన్ స్విచ్ వాటి వెనక్కి పోయింది. దాన్ని కట్టాలంటే ఇద్దరు మనుషులు కలిసి పలకలు జరపాలి. ఇది పిన్ని చెప్పగా నాకు తెలిసింది. నేను ఆ రోజుల్లో అటు వెళ్ళలేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాలకు ముందు జరిగింది. నేను అక్కడ లేను. పిన్ని చూసినది ఆమె చెబుతుంది. నాకు ఆమె చెప్పినది ఇది. కట్టర్ అరిగిపోయిందని పాటలాయన పని ఆపాడు. మెనూ తెరిచి షట్‌డౌన్ నొక్కాడు. తెర నల్లబడింది. మెయిన్ పలకల వెనక ఉండిపోయింది, కట్టలేదు. ఆయన పానా తెచ్చుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, కట్టర్ విప్పడానికి కుడిచెయ్యి లోపల పెట్టాడు. కట్టర్ బిగుసుకుపోయి రావడం లేదు, ఆయన పాట ఆపి దాన్ని తిట్టుకుంటున్నాడు. అప్పుడు మోటార్ తిరిగింది. ఆయన ఎడమచేత్తో ఎర్ర బటన్ నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. పిన్ని గోడ దగ్గరికి పరిగెత్తింది, పలకలు అడ్డం ఉన్నాయి. కంప్యూటర్ పూర్తిగా లేచాక మోటార్ దానంతట అదే ఆగింది. తెర మీద డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది.

బావగారే ఆయన్ను ఎత్తుకుని తన కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఇంటికి వచ్చినప్పుడు బావగారి చొక్కా రక్తంతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆయన చెడ్డమనిషని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. మర్నాడు డాక్టర్లు పాటలాయన చెయ్యి మణికట్టు వరకు తీసేశారని తెలిసినప్పుడు ఆయన వరండాలో కూర్చుని చాలాసేపు తల ఎత్తలేదు.

అదే రోజు సాయంత్రం బావగారు నన్ను కార్ఖానాకు తీసుకువెళ్ళారు. మిషన్ కడిగేసి ఉంది. గోడ దగ్గర పలకలు లేవు, అవతలి షెడ్డులోకి మార్చారు. అవి నిలబడ్డ చోట నేల మీద పొట్టు లేకుండా తెల్లగా చార ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి చూశాను. ఎప్పుడు ఎవరు ఏం నొక్కారో లైనక్స్ తనకు తానే రాసుకుంటుంది. మంగళవారం మధ్యాహ్నం మెనూలోంచి షట్‌డౌన్ అడిగినట్టు, గడువు దాటినట్టు, ఆ వెంటనే మళ్ళీ లేచినట్టు వరుసగా ఉంది. ఆ సంగతి బావగారికి చెప్పాను.

ఆయన వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తర్వాత మెల్లగా అన్నారు, "అదంతా తుడిచేసి కొత్తగా వేసెయ్యమ్మా. వాడు ఆపకుండానే చెయ్యి పెట్టాడు. ఆ మాట వాడితోనే చెప్పించాను. బతికున్నన్నాళ్ళూ వాణ్ణి నేను చూసుకుంటాను, అది నా పూచీ."

"ఆయన ఆపాడు బావగారూ" అన్నాను.

"ఆపాడు, ఆపలేదు, చెయ్యి తిరిగొస్తుందా? కార్ఖానా మూతపడితే ఇంతమందికి కూడు ఎక్కడినుంచి వస్తుంది, ఆలోచించు."

నేను తుడవలేదు. ఆయన ఎదుటే డబ్బా విప్పి డిస్కు తీసి సంచిలో వేసుకున్నాను. స్క్రూలు విప్పుతుంటే ఒకటి పొట్టులో పడిపోయింది, వెతికినా దొరకలేదు. ఆయన నన్ను ఆపలేదు. ఆయన కారులోనే ఇంటికి వచ్చాను. ఆ డిస్కే గురువారం ఉదయం తమకు అప్పగించాను.

ఇంట్లో నా భర్త నన్ను తిట్టలేదు, కొట్టలేదు. "నిజం చెప్పొద్దని నేను అనడం లేదు. నువ్వే చెప్పాలా అంటున్నాను" అన్నారు. చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరున్నారో నాకు తోచలేదు. తోటికోడలు ఇప్పుడు మెట్ల మీద నేను ఎదురైతే లోపలికి వెళ్ళిపోతోంది.

శనివారం తమరు, ఫ్యాక్టరీల తనిఖీ అధికారి, బావగారు, పిన్ని ఉండగా, ఆ డిస్కు నకలు వేసి అదే మిషన్‌ను నాతో నడిపించారు. అందరినీ దూరంగా నిలబెట్టి, కట్టర్ కింద ఒక చెక్కముక్క బిగించి షట్‌డౌన్ నొక్కాను. మొదటిసారి మామూలుగా ఆగిపోయింది. బావగారు నావైపు చూశారు. రెండోసారి కూడా ఆగిపోయింది. మూడోసారి తెర నల్లబడింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అందరూ ఊరికే నిలబడ్డారు. ఇంక ఏమీ లేదని అధికారి కాగితాలు సర్దుకుంటుండగా కట్టర్ తిరిగి చెక్కముక్కను కోసుకుంటూ పోయింది. బావగారు గబుక్కున వెనక్కి జరిగారు. మిషన్‌కు ఆయన చాలా దూరంగానే ఉన్నారు, అయినా జరిగారు. పిన్ని చెవులు మూసుకుంది.

అక్కడినుంచి నేను నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. పాటలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద పెట్టుకున్నాడు. నన్ను చూడగానే ఆయనే ముందు మాట్లాడాడు.

"మర్చిపోయాను చెల్లెమ్మా. నువ్వు అంత జాగ్రత్తగా నేర్పావు. నాకేమో నొక్కినట్టే గుర్తు. కానీ మీ బావగారు నొక్కలేదన్నారు. ఆయన అలా చెప్పాక నొక్కనట్టే గుర్తొస్తోంది."

ఆయన భార్య పక్కనే ఉంది. ఒక్క బటన్ నొక్కడానికి ఈ మనిషికి ఏమొచ్చిందో అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెబుతోందట, వార్డులో పక్క మంచం వాళ్ళకు కూడా ఆ మాట తెలుసు. నేను ఇద్దరికీ వినిపించేలా చెప్పాను, ఆయన నొక్కాడని, కంప్యూటర్‌లో ఉందని, ఇవాళ అందరి ముందూ అదే మళ్ళీ జరిగిందని.

"అంటే నేను ఆపానా?" అన్నాడు.

"ఆపావు అన్నయ్యా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆయన భార్య లేచి చెంబు తీసుకుని నీళ్ళకని బయటికి వెళ్ళింది. చెంబు నిండుగానే ఉంది. ఆమె చాలాసేపటిదాకా తిరిగి రాలేదు.

ఆయన సంతోషపడతాడనుకుని వెళ్ళాను. ఆయన కిటికీ వైపు చూస్తూ అన్న మాట ఇది. ఇది కేసుకు అవసరమో కాదో నాకు తెలియదు, అయినా రాసుకోమని అడుగుతున్నాను.

"మర్చిపోయానన్నదే నయం చెల్లెమ్మా. నా తప్పుకు నా చెయ్యి పోయిందిలే అని ఈ నాలుగు రోజులూ మనసుకు ఎలాగో సర్దిచెప్పుకున్నాను. తప్పు లేకుండా పోయిందంటే ఇప్పుడు ఏమని సర్దిచెప్పుకోను?"

కాసేపు కూర్చుని వచ్చేశాను. ఆసుపత్రికి వచ్చిన రోజు నుంచి ఆయన పాడటం లేదని నర్సు చెప్పింది. ఆయన పాడతాడని ఆమెకు ఎవరు చెప్పారో అడగలేదు.

నేను చెప్పింది ఇంతే. నేను చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. ఎవరి మీదా కక్షతో చెప్పలేదు, ఎవరి భయానికీ దాచలేదు. రాసినదంతా చదివి వినిపించారు. ఒక్క చోట మార్చమని అడిగాను. షట్‌డౌన్ విషయం దగ్గర రైటరు గారు 'ఆపినట్లు తెలియవచ్చింది' అని రాశారు. అది కొట్టేసి 'ఆపాడు' అని రాయమన్నాను. రాశారు. కొట్టివేత పక్కన ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం నా చేత్తో చేస్తున్నాను.

(సంతకం)
కంప్యూటర్ మరమ్మతుదారు