మూడు నీటిబొట్లు

చూపులేని వాళ్ల కోసం సినిమాని మాటల్లో చెప్పే స్టూడియోలో చిన్న గది. తెర చూసి వర్ణన రాసే అమ్మాయి; విని తప్పులు పట్టే ఆమె. ఈ రెండో ఆమెకి పుట్టుకతో చూపు లేదు.

“మళ్లీ ‘కండలు తిరిగిన’ అన్నావు.”

“అన్నానా?”

“కండలు తిరిగిన చేత్తో తలుపు తీశాడు. కండలు తిరిగిన చేత్తో గ్లాసు ఎత్తాడు. ఇహ వాడు ముక్కు చీదినా కండలు తిరిగిన ముక్కే అంటావు.”

“నవ్వించకక్కా, పని సాగదు. ఏం రాయను మరి? వాడు ఒంటిమీద చొక్కా ఉంచుకుంటే కదా ఇంకో మాట రాయడానికి. ఆడవాళ్లకైతే నడుముకో మాట, నడకకో మాట, జడకో మాట, తవ్వుకున్నవాళ్లకి తవ్వుకున్నన్ని. మగాడి ఒంటికి మనకున్నవెన్ని? ఆజానుబాహుడు.”

“అంటే?”

“చేతులు మోకాళ్ల దాకా ఉన్నవాడు.”

“ఛీ. అలాంటివాడు దారిలో తగిలితే కోతి అనుకుని కర్ర ఝళిపిస్తాను.”

“చూశావా మరి. ఉన్న ఒక్క మాటా పోయింది.”

“సరే, దాని పైవాక్యం చదువు.”

“‘కిటికీ వైపు బాధగా చూశాడు.’”

“బాధగా కొట్టెయ్.”

“బాధగానే చూశాడక్కా.”

“అది నువ్వనుకున్నది. కళ్లు దించాడా? పెదవి కొరికాడా? కనపడింది చెప్పు. బాధ సంగతి నేను చూసుకుంటాను.”

“ఈ మాట ఎన్నోసారి చెప్పించుకుంటున్నానో.”

“నువ్వు నేర్చుకునేదాకా చెబుతాను. కొట్టేశావా?”

“కొట్టేశాను మహాతల్లీ. కానీ ఈ సినిమాతో వచ్చిన చిక్కేంటంటే, తీసింది ఆడమనిషి. ‘ఇన్నాళ్లూ మగాళ్లు మనల్ని చూశారు, ఇప్పుడు ఆడదాని కళ్లతో మగాడి ఒంటిని చూపించాను’ అంది. నిజంగానే చూపించింది. కెమెరా వాడి మెడ మీద ఎంతసేపు నిలబడుతుందో! ఆ చూపేదో నాకు అందుతోంది, మాటలే అందట్లేదు.”

“ఆడదాని కళ్ల సంగతి నాకు తెలీదు. ఆడదాని చేతులైతే తెలుసు.”

“అబ్బో.”

“అబ్బో ఏంటి? కాపురం చేసినదాన్ని. సరే, ఇక రాతి మీద పడుకునే సీను చదువు.”

“అది రేపు కదా? వరసలో ఇంకా చాలా ఉన్నాయి.”

“వరస తర్వాత. అది చదువు.”

“పొద్దుట్నుంచీ దాని మీదే ఉంది నీ మనసు. ఈ సినిమా నాకే ఇవ్వండని ఆఫీసులో అడిగి మరీ తీసుకున్నావట కదా. ఏంటి కథ?”

“అడిగాను. చదువమ్మాయ్.”

“సరే. ఇక్కడ మాటల్లేవు, వట్టి వయొలిన్. ఇంత ఖాళీ మనకి ఏ సినిమాలోనూ దొరకదు, అందుకే కాస్త మనసు పెట్టి రాశాను. విను. ‘నది ఒడ్డు. రాతి మీద అతను బోర్లా పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడు. తడి వీపు మీద ఎండ. ఎడమ భుజం కింద మూడు నీటిబొట్లు మెరుస్తున్నాయి. ఒక తూనీగ వచ్చి భుజం మీద వాలింది. అతను కదలలేదు.’ ఎలా ఉంది? కండల ఊసే ఎత్తలేదు.”

“ఇంకోసారి.”

“బాలేదా?”

“బాగుంది. ఆ బొట్ల దగ్గర చదువు.”

“‘ఎడమ భుజం కింద మూడు నీటిబొట్లు మెరుస్తున్నాయి.’”

“మూడే ఎందుకన్నావు?”

“మూడే ఉన్నాయి గనక. మిగతా వీపంతా ఎండకి ఆరిపోతోంది.”

“అవెందుకు ఆరలేదు?”

“మేకప్ వాళ్లు గ్లిజరిన్ చుక్కలు పెట్టుంటారు. ఎందుకక్కా?”

“పక్కపక్కనే ఉన్నాయా, ఒకదాని కింద ఒకటా?”

“ఏటవాలుగా ఉన్నాయి. భుజం కింద ఎముక ఉంటుందే, అక్కణ్ణుంచి వెన్ను వైపుకి. ఇదంతా రాయాలా?”

“జారుతున్నాయా?”

“లేదు. ఉన్నచోటే ఉన్నాయి.”

“మొహం?”

“కనపడదు. చేతుల్లో దాచుకున్నాడు. జుట్టు కనపడుతుంది, అంతే.”

“మొదట్లో ఇతను అద్దం ముందు చొక్కా విప్పుతాడు కదా. అక్కడ?”

“అక్కడ రెండూ కనపడతాయి. అద్దంలో మొహం, ఇటు వీపు.”

“ఆ వీపు మీద గుంటలున్నాయా?”

“గుంటలేంటి?”

“ఎడమవైపు, మూడు. గోరు మునిగేంత.”

“లేవు. నున్నగా ఉంటుంది. నేనే రాశాను కదా, ‘నున్నటి’ అని. నువ్వే కొట్టేయించావు.”

“ఇప్పుడీ రాతి మీది వీపు చూడు. ఆ బొట్లున్న చోట గుంటలున్నాయేమో చూడు.”

“లేవు.”

“మీట నొక్కిన చప్పుడు రాలేదు. చూడకుండా చెప్పావు.”

“అక్కా, ఏం జరుగుతోంది?”

“వేరేవాడి వీపని చెప్పు, చాలు. సినిమా అంతా బాగుందని సంతకం పెట్టేసి ఇంటికెళ్లిపోతాను.”

“ఎవరి వీపు కాకూడదు?”

“మీ బావది.”

“బావగారు జిమ్‌లో కదా పనిచేసేవారు?”

“అది పదిమందికీ చెప్పే మాట. డూప్‌గా వెళ్లేవాడు. హీరో మొహం అక్కర్లేని చోట మా ఆయన ఒళ్లు పెట్టేవాళ్లు. బయట అనకూడదని ముందే ఒట్టు వేయించుకునేవాళ్లు. నాకొక్కదానికే చెప్పేవాడు. ‘నువ్వెలాగూ చూడలేవుగా, నీకు చెబితే ఒట్టు పోదులే’ అనేవాడు.”

“నిద్రలో పోయారన్నావు.”

“వాళ్లన్నారు. ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. ‘రేపు నదిలో పని, నీళ్లు మంచుగడ్డలే. బాగా వచ్చేదాకా ముంచుతూనే ఉంటారట’ అన్నాడు. ‘ఆపైన రాతి మీద నిద్రపోవాలట. నిద్రపోవడానికి నన్ను పిలిచారే, ఇంతకన్నా ఏం కావాలి’ అని ఒకటే నవ్వు. మర్నాడు కంపెనీ వాళ్లొచ్చారు. వాన పడి షూటింగే జరగలేదట. బసలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. ‘పెట్టిపుట్టాడమ్మా, కాస్త బాధ కూడా పడలేదు’ అన్నారు.”

“ఆ మాట నమ్మావు కదక్కా. నమ్మి ఊరుకోకపోయావా?”

“నమ్ముకునే బతికాను, ఈ సినిమా వచ్చేదాకా. వచ్చిన దగ్గర్నుంచి హీరో వీపు, హీరో వీపు అని ఎక్కడ చూసినా అదే గోల. బస్సులో నా పక్కన కూర్చున్న పిల్లలు కూడా అదే. వాన పడి ఆగిపోయిన సీను తెర మీదికెలా వచ్చింది? మరోరోజు మరొకడితో తీసుంటారులే అనుకున్నాను. అనుకుంటే సరిపోతుందా, నిద్ర పట్టొద్దూ?”

“ఇంట్లో ఎవరికైనా చూపించి ఉండాల్సింది.”

“ఆడపడుచుని తీసుకెళ్లాను. ‘బట్టల్లేని మగాణ్ణి చూడమంటావేంటి వదినా’ అని తలొంచుకు కూర్చుంది. మరిదిని బతిమాలాను. ‘మగాడి వీపు నేనెందుకు చూస్తాను వదినా’ అన్నాడు. ఊరు ఊరంతా చూసిన వీపు. నా మొగుడిదో కాదో చూసి చెప్పే దిక్కు లేకపోయింది నాకు. అందుకే నీ దగ్గరికి తెచ్చాను. చూడ్డమే కదా నీ పని.”

“నాకు ముందే చెప్పకపోయావా?”

“చెబితే నా మీద జాలితో చూస్తావు. జాలితో చూస్తే ఉన్నది కనపడదు. నొక్కు.”

“నొక్కాను. దగ్గరగా తెచ్చాను.”

“చెప్పు.”

“నీ చెయ్యి ఇలా ఇవ్వక్కా.”

“చెయ్యి తర్వాత. చెప్పు.”

“గుంటలే. మూడు. వాటిల్లో నీళ్లు నిలిచాయి. నేను బొట్లనుకున్నాను.”

“చిన్నప్పుడు ఇనప గేటెక్కి జారాడు. మొనలు దిగాయి.”

“ఎన్నిసార్లు చూశానో అక్కా దీన్ని. రాయడం అయిపోయాక కూడా వెనక్కి తిప్పుకుని చూశాను. అందంగా ఉందని చూశాను. నాకు సిగ్గుగా ఉంది.”

“సిగ్గెందుకు? అందగాడే. నీకు ఇవాళ తెలిసింది, నా చేతులకి ఎప్పుడో తెలుసు.”

“ఒక్కమాట చెప్పనా? పొద్దున్నే ఎండ ఉండగా తీసేసి ఉంటారు. ఆ తర్వాత వాన పడుంటుంది. కంపెనీ వాళ్లకి ఏది ఎప్పుడు జరిగిందో ఏం గుర్తుంటుంది? బావగారు పని ముగించుకుని, బసకెళ్లి...”

“వేడినీళ్లు పోసుకుని, దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటాడు. నేనూ అదే అనుకుంటున్నాను. గుంటలన్నావు చూడు, ఆ మాట విన్నప్పట్నుంచీ అదే అనుకుంటున్నాను. అలా జరిగుంటే నాకెవరి మీదా కోపం లేదు. ఒక్కటి చూసి చెప్పు, ఇంకేమీ అడగను.”

“ఇవాళ్టికి ఆపేద్దామక్కా.”

“మా ఆయన స్నానం చేసొచ్చి ఒళ్లు తుడుచుకోకుండా మంచమ్మీద బోర్లా పడేవాడు. ఆ గుంటల్లో నీళ్లు నిలిచేవి. వేలు పెడితే చల్లగా తగిలేవి. ఎంతసేపుంటాయి? ఊపిరి తీస్తే వీపు పొంగేది, నీళ్లు ఒలికిపోయేవి. పక్కంతా తడిపేస్తున్నావని తిట్టేదాన్ని. నా తిట్లు అయ్యేలోపే గురక మొదలు.”

“సినిమా కదక్కా. ఊపిరి బిగబట్టమని చెప్పుంటారు.”

“ఎంతసేపుంది ఆ షాటు?”

“కొంచెంసేపే.”

“నీ వర్ణనంతా నింపాదిగా చదివితే ఇంకా వయొలిన్ మిగిలింది. కొంచెంసేపా?”

“చాలాసేపుంది.”

“అంతసేపు బిగబట్టగలవా నువ్వు?”

“నేను లేను. ఈతొచ్చినవాళ్లు...”

“తూనీగ వాలిందన్నావు. చీమ పాకితే లేచి కూర్చునే మనిషి. నేను వేలు పెడితేనే మెలికలు తిరిగేవాడు.”

“ఆ తూనీగ గురించే అందరూ రాశారు. శిల్పంలా ఉన్నాడని. సినిమా తీసిన మేడమ్ కూడా అలాగే చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“వద్దులే.”

“ఏం చెప్పింది?”

“‘కట్ చెప్పబుద్ధి కాలేదు, అలా చూస్తూ ఉండిపోయాను’ అంది.”

“చూస్తూ ఉండిపోయింది.”

“అవును.”

“తలుపు తీసినా హీరోకి ఊపిరి చప్పుడు పెట్టారు. గ్లాసు ఎత్తినా పెట్టారు. ఇక్కడొక్క చోటే పెట్టలేదు. పొద్దుట్నుంచీ నా చెవులు దానికోసమే వెతుకుతున్నాయి. షాటు మొదట్నుంచీ వెయ్యి. మా ఆడపడుచులా తలొంచుకోకు.”

“వేశాను.”

“ఆ గుంటల మీదే ఉండాలి నీ కళ్లు.”

“ఉన్నాయి.”

“గాలుందా?”

“ఉంది. వెనకాల గడ్డి ఊగుతోంది. ఇదిగో, తూనీగ వచ్చింది. దాని రెక్కలు అదురుతున్నాయి.”

“నీళ్లు?”

“పారుతున్నాయి. ఎండలో తళతళా...”

“నది సంగతి అడగలేదు.”

“అక్కా, నా వల్ల కాదు.”

“నీ వల్ల కాకపోతే ఇంకెవరి వల్లా కాదు. నీళ్లు ఒలికాయా?”

“లేదు.”

“అదిరాయా?”

“వాటిమీద ఎండ పడి మెరుస్తోంది. ఊపిరి తీస్తే ఆ మెరుపన్నా కదలాలి కదా. కదలట్లేదక్కా. చివరిదాకా చూశాను. మూడింట్లో ఒక్కటీ కదలట్లేదు.”

“రాతి మీద. వట్టి ఒంటితో, తడితో. దుప్పటి కూడా కప్పలేదన్నమాట ఎవరూ.”

“అక్కా.”

“ఏడవకు. నువ్వేడిస్తే నాకు నీ మాట వినపడదు.”

“ఎవరికి చెబుదాం? ఎవరు నమ్ముతారు మనల్ని? ఇంతమంది చూశారు, ఒక్కరికి కనపడలేదు.”

“కనపడింది చెప్పడమే కదా మన పని. రాసింది తెరువు.”

“తెరిచాను.”

“ఎండ ఉంచు. తూనీగ ఉంచు. అతను కదలలేదన్నది కూడా ఉంచు. ‘నిద్రపోతున్నాడు’ అన్నావు చూడు, అది నువ్వనుకున్నది. అది కొట్టెయ్.”