మనోరమ గారి గ్రంథానికి ఒక పాఠకుడు

1991 జులై ఎనిమిదవ తేదీన నారాయణగూడలోని మన కళాశాలలో చరిత్ర అధ్యాపకురాలిగా ప్రవేశించిన డాక్టర్ మనోరమ గారు, ముప్పైనాలుగేళ్ల నిరంతర బోధన అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. స్టాఫ్‌రూములో ఇన్నేళ్లూ వారి పక్క బల్ల నాది. వాణిజ్యశాస్త్రం చెప్పుకునే వాడిని కనుక నా నుంచి పాండిత్యం ఆశించకండి.

తొలి దశాబ్దంలోనే వారు రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాలను పరిశోధనా క్షేత్రంగా స్వీకరించారు. పాత దేవతలు వెనక్కి తగ్గి కొత్త మతం వేళ్లూనుకుంటున్న ఆ కాలంలో మనుషులు దైవాన్ని ఏ రూపంలో ఊహించుకున్నారు, రోగం నయం కావాలని ఆలయాల్లో నిద్రించి ఏ కలల కోసం నిరీక్షించారు అన్నదే వారి జీవితకాలపు ప్రశ్న. అందుకోసం గ్రీకు, లాటిన్ భాషలను స్వయంకృషితో అభ్యసించారు. సాయంత్రాలు చిక్కడపల్లి గ్రంథాలయంలో గడిపి, అశోక్‌నగర్‌లోని ఇంటికి ఒంటరిగా నడిచి వెళ్లేవారు. మేము చాటున "రోమ్ మేడమ్" అని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

వారు కలల గురించి చదువుతారని విన్న అటెండర్ ఈరన్న ఒకనాడు వచ్చి, "మేడమ్, మా ఇంటామె పోయి ఏడాదాయె. రోజు కలలకొస్తది, ఏం మాట్లాడది. జర అర్థం చెప్పుండ్రి" అన్నాడు. నేను నవ్వు ఆపుకున్నాను. వారు మాత్రం కుర్చీ చూపించి, "అర్థం చెప్పుడు నాకు రాదు ఈరన్నా. నువ్వు చెప్పు, నేను వింట" అన్నారు. అతను కళ్లు తుడుచుకుని లేచేదాకా విన్నారు.

ఇరవయ్యేళ్ల శ్రమ ఫలించి, నిరుడు వారి ఆరువందల పుటల గ్రంథం తెలుగులో పూర్తయింది. చదివేవారుండరని ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఈ ఏడు వారి చరిత్ర కోర్సులో ఒక్క విద్యార్థీ చేరలేదు. వారి స్థానంలో మరొకరు రావడమూ లేదు. "అచ్చు కాకున్నా పర్వాలేదు ఫణీంద్ర గారూ. ఒక్కరు మొదటి నుంచి ఆఖరు దాకా చదివితే చాలు" అని నెల క్రితం నాతో అన్నారు. ఆ మాట నన్ను కలచివేసింది. పక్కనే కూర్చుని, ఏం రాస్తున్నారని నేనూ ఏనాడూ అడగలేదు.

రాతప్రతి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఈ నెలలో మూడు పుటలు చదివాను. సగం అర్థం కాలేదు. ఆదివారాలు వచ్చి సందేహాలు అడుగుతానంటే, "రండి, చాయ్ పెడత" అన్నారు. ఈ లెక్కన గ్రంథం ముగియడానికి పదహారేళ్లు దాటుతుంది. అంతకాలమూ, ఆపైన మరెంతో కాలమూ మనోరమ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నా ప్రశ్నలకు విసుగు చెందని ఓపికతో వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. త్వరగా చదివే ఉద్దేశం నాకు లేదు.