ఊరికి రాని ఆఖరి భాగం

“అయితే ఆఖర్న ఏటవుద్ది? సెప్పు అన్నియ్యా.”

“దేని ఆఖర్న?”

“అదే, జపానోల బొమ్మలు. గాలిపడవ మీద తిరిగే గుంటడి కత. బడి ఇడిసీగానే సంచులు పడీసి టీవీ కాడ కూకునేవోలం కాదేటి.”

భావనపాడులో, వలలు ఆరేసిన పాక నీడన దేవి, ఆమె అన్నియ్యా అంటున్నవాడు కూర్చున్నారు. కుర్రతనంలో తండ్రితో తగువుపడి ఇల్లు విడిచిపోయిన ఎల్లాజీ, ఇన్నేళ్లకు నిన్న పొద్దున తిరిగి వచ్చాడని ఊరంతా చెప్పుకుంటోంది. లోపల తల్లి గున్నమ్మ చేపల పులుసు కాస్తోంది.

“ఇప్పుడెందుకే ఆ గోల.”

“ఊరికే. ఆ గుంటడి జుట్టు ఏ రంగు?”

“నీలం. పోలీసోలు అడిగినట్టు అడగతన్నావేటి?”

“ఆడి ఎనకాల తిరిగే జంతువు?”

“ముంగిస. తెలుగులో మాటాడతాది. నోరు మూసీసినాక కూడా మాటలొస్తానే ఉంటాయి.”

“అవును. దానికి పడి పడి నవ్వేవోలం.”

“నవ్వేవోలం. అయిపోనాదా? పులుసు వాసనొస్తన్నాది, లెగు.”

“కూకో. ఆఖర్న?”

“ఆఖర్న... ఆడి సెల్లి మంచుకోటలో దొరుకుతాది. గాలిపడవ ఇరిగిపోతాది. ఇద్దరూ నడుసుకుంటా ఇంటికెల్తారు. ఆల తాత దీపం అట్టుకుని నిలబడుంటాడు. అంతే.”

“బాగా గుర్తున్నాది.”

“మరిసిపోతామేటి.”

“ఎక్కడ సూసావు?”

“ఎక్కడేటి? ఇక్కడే.”

“ఈ ఊర్లో ఆ ఆఖరి భాగం ఎవులూ సూడలేదు.”

“అదేటి?”

“కేబులు సోములు ఆ రోజు పిల్లల సానెలు తీసీసి సినిమా ఎట్టీసాడు. ఆడింటికి సుట్టాలొచ్చారని. ఊరు ఊరంతటికీ అదే సినిమా. గుంటలందరం ఆడి గుమ్మం కాడికెల్లి ఏడిసాం.”

“తరవాత ఫోన్లో సూసానేమో.”

“సూసావా, సూసావేమోనా?”

“దేవీ, ఒగ్గీ.”

“ఆ పూట నేను అన్నం తిన్లేదు. అప్పుడు మా అన్న సొంతంగా ఒక ఆఖరు అల్లి సెప్పాడు. అది సెప్పు. అది ఫోన్లో ఉండదు.”

“సిన్నప్పటి మాట. మరిసిపోనాను.”

“ముంగిస నోరు గుర్తున్నాది గానీ అది మరిసిపోనావా?”

“మెల్లగా మాటాడు. ఇంటాది.”

“ఎవులు, మా యమ్మా? నిన్నటి నించీ నిన్ను సూస్తన్నాను. ఎవులివి నువ్వు?”

“నేను...”

“రేపు గంగమ్మకి మొక్కు తీరుస్తాదట. ఊరందరికీ సెప్పీసింది. అందరి ముందరా నిన్ను నిలబెట్టి నా కొడుకంటాది. ఈలోగా నాకు తెలవాల.”

“గాలిపడవ ఈ రేవుకే వచ్చినాది.”

“ఏటి?”

“నువ్వు తొంగున్నావు. మీ అన్న ఒక్కడే ఎల్లి ఆ గుంటడికి ఎండుసేపలు మూటగట్టి ఇచ్చాడు. ముంగిస గొంతులో ముల్లు ఇరుక్కున్నాది. బోటు మీద మాకందరికీ అదే సెప్పేవోడు. కాదురా, మా ఊర్లో ఆఖరి భాగం వచ్చినాది, అందులో మంచుకోట ఉన్నాదని నేను. నీకేటి తెల్సని ఆడు. ఆ మాట మీద తిండి మానీసి తగువాడుకునేవోలం.”

“సెప్పేవోడు అన్నావు.”

“అన్నాను.”

“సెప్పేవోడు.”

“పోయిన కార్తీకం, దేవీ. గుజరాతు ఒడ్డున. వల ఇడుస్తంటే తాడు కాలికి సుట్టుకున్నాది. పగలూ రాత్రీ ఎతికాం. దొరకలేదు.”

“ఫోనైనా సెయ్యలేకపోయారా?”

“ఏ నెంబరుకి? ఊరి పేరూ మీ యమ్మ పేరూ తప్ప ఆడు ఏటీ సెప్పలేదు. కబురు సెబుదామనే వచ్చాను. గుమ్మంలో నిలబడి ఎల్లాజీ అన్నాను. అంతే. మీ యమ్మ నా రెండు సేతులూ అట్టీసుకున్నాది. కాళ్లకి నీళ్లెట్టినాది. తరవాత నాకు నోరు రాలేదు.”

“నిన్నటి నించీ తింటన్నావు.”

“తింటన్నాను.”

“కొడుకు తిన్నట్టు తింటన్నావు.”

“ఎల్లి ఇప్పుడే సెప్పీమంటావా?”

“ఒద్దు. నౌపడ ఎల్లి రైలెక్కీ. బోటోలు బేగి రమ్మన్నారని సెప్పు.”

“మల్లీ ఎదురుసూస్తాది కాదేటి?”

“సూడనీ. అది దానికి అలవాటే. ఈ కబురు అలవాటు లేదు.”

“అబద్దం మీద ఎన్నాల్లు...”

“నీకేటి, ఎల్లిపోతావు. దాన్ని సూసుకోవాల్సింది నేను. సంచి తెచ్చుకో. నా మొకం సూడకు.”

“దేవీ, ఎనక్కి సూడు.”

గున్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

“అమ్మా... పులుసు అయిపోనాదా?”

“అయిపోనాది. నా కొడుకేడని నిన్న గుమ్మంలోనే నిన్ను అడుగుదామనుకున్నాను, నాకూ నోరు రాలేదు. తినే ముందు మీ యమ్మకి ఫోను సెయ్యి బాబూ. నువ్వెక్కడున్నావో ఆవిడికి తెలవాల.”