గంటకి నాలుగు గ్రాములు

ఒరెగాన్, 1987 జనవరి. శనివారం మధ్యాహ్నం. ఆసుపత్రి వరండాలోని పే ఫోన్ దగ్గర వసుమతి. ఐదు గంటల దూరంలో, పోర్ట్‌లాండ్‌లోని తన ఇంట్లో దామోదర్.

“పెట్టేయకండి, మీకు దణ్ణం పెడతాను. నేనేమీ అమ్మడానికి కాల్ చెయ్యలేదు. తెలుగువాళ్ళే కదా మీరు? వేమూరి దామోదర్ గారే కదా?”

“దామోదర్‌నేనండీ. మీరెవరో నాకు...”

“నా పేరు వసుమతి. మీకు తెలీదు. ఇక్కడ కిందన, కొండల మధ్య ఉంటాం. డైరెక్టరీ వాళ్ళకి మీ ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్తే పోర్ట్‌లాండ్ మొత్తానికి ఒక్క నంబరే ఇచ్చారు.”

“అలాగా. చెప్పండి. ఏమైనా జరిగిందా? మనవాళ్ళెవరికైనా...”

“వుడ్ స్టవ్ గురించండీ.”

“దేని గురించి?”

“కట్టెల పొయ్యి. మీరు ల్యాబ్‌లో టెస్ట్ చేస్తారు కదా? పొయ్యి మండించి పొగ ఎంత వస్తోందో కొలుస్తారు కదా?”

“అవును. ఆ సంగతి మీకెవరు చెప్పారు?”

“షాపులో పొయ్యితో పాటు రిపోర్టు చూపిస్తారు. దాని కింద మీ సంతకం ఉంది. మా వారు ఇప్పుడు షాపులోనే ఉన్నారు. మూడు పొయ్యిలున్నాయి. ఏది కొనాలో చెప్పండి చాలు. ఒక్క మాట.”

“అమ్మా, నేను కొలిచేవాణ్ణి. ఫలానాది కొనండి అని చెప్పకూడదు. రూల్ అది. సోమవారం ఆఫీస్‌కి కాల్ చేస్తే బ్రోషర్లు పంపిస్తారు.”

“సోమవారం దాకా ఆగలేనండీ. రేపు పొద్దున్న పాపని డిశ్చార్జ్ చేస్తారు.”

“పాపా?”

“మీనా. ఆరేళ్ళు. బుధవారం తెచ్చాం. ప్లాస్టిక్ డేరాలాంటిది కట్టి అందులో పడుకోబెట్టారు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందండీ. చూడలేక ఇక్కడికొచ్చి నిలబడ్డాను.”

“అయ్యయ్యో. ఆస్తమానా?”

“పుట్టినప్పటి నుంచీ దానికి జలుబు కూడా తక్కువ. ఈ చలికాలమే మొదలైంది. డాక్టరు పొగ అన్నాడు. బయటి పొగా, ఇంట్లో పొగా అని అడిగాను. ఇంట్లో ఏం మండిస్తున్నారో మీకే తెలియాలి అన్నాడు.”

“కరెంటు హీటర్లు పెట్టుకోండమ్మా. పిల్ల కంటే ఎక్కువా?”

“ఆ మాట నాకు చెప్తారా మీరు? మిల్లు మూసేసి ఏడాదైంది, మా వారికి పని లేదు. పోయినేడు బిల్లు కట్టలేదని కరెంటు కట్ చేశారు, ఆ రెండు రోజులూ ముగ్గురం కార్‌లో పడుకున్నాం. గ్యాస్ లైను మా కొండ దాకా రాలేదు. కట్టెలు ఒక్కటే ఊరికే దొరుకుతాయి మాకు. పొయ్యి లేకపోతే చలికి చస్తుంది, ఉంటే పొగకి... ఛీ, ఏం మాట్లాడుతున్నాను నేను.”

“కంగారు పడకండి. కొత్త పొయ్యి అయితే పర్లేదు. పొగ పరీక్ష పాసైందని ప్రభుత్వం ఇచ్చే లేబుల్ ఉన్నది ఏదైనా పర్లేదు.”

“ఏదైనానా?”

“లేబుల్ ఉంటే చాలు. మీ లోయలో రెడ్ డేలు ఉంటాయి కదా?”

“ఉంటాయి. పొద్దున్నే రేడియోలో చెప్తారు. ఇవాళ రెడ్, పాత పొయ్యిలు వెలిగించకండి, లేబుల్ ఉన్నవే వెలిగించండి అని. చిమ్నీలు చూసుకుంటూ ఓ మనిషి కార్‌లో తిరుగుతాడు కూడా.”

“మరింకేం? లేబుల్ ఉన్నది కొనుక్కోండి. ఉంటానమ్మా.”

“ఆగండాగండి! మూడింటికీ లేబుల్ ఉంది. మొదటిది సీడర్ ప్రిన్స్. నల్లగా ఉంటుంది, ముందు గాజు తలుపు, లోపల పైన చిల్లుల పలక. ఉన్నారా?”

“ఉన్నాను. చెప్పండి.”

“దానికి గంటకి నాలుగు గ్రాముల పొగ అని రాసుంది. రెండోదానికి చిల్లుల పలక లేదు, తొమ్మిది గ్రాములు. మూడోది రాతిది, ఆరు గ్రాములు, కానీ అది మాకు అందదు. నాలుగు తక్కువ కదా? మొదటిదే కదా తీసుకోవాలి?”

“రెండోది తీసుకోండి.”

“తొమ్మిదా?”

“మంచి పొయ్యి అది. గట్టిది.”

“గట్టిదనం ఎవరడిగారండీ? పొగ సంగతి అడుగుతున్నాను. నాలుగు ఉండగా తొమ్మిది ఎందుకు కొనాలి?”

“ఆ పలక ఉందే, కాటలిస్ట్, అది సున్నితం. పొగని మళ్ళీ కాల్చేది అదే. రంగు కాగితాలు, పెయింటు చెక్కలు వేస్తే పాడైపోతుంది. ఇళ్ళల్లో ఎవరు జాగ్రత్తగా ఉంటారు?”

“మేముంటాం. దేవుడి బొమ్మలున్న పాత క్యాలెండర్లు కూడా ఏట్లో కలిపాం కానీ పొయ్యిలో వెయ్యలేదు. ఒక్క కాగితం ముక్క కూడా వెయ్యలేదు... వెయ్యం.”

“తడి కట్టెలయితే...”

“రెండేళ్ళు ఎండినవి. ఒకదానికొకటి కొడితే టంగుమంటాయి.”

“చిమ్నీ గొట్టం...”

“నవంబరులో ఒకసారి, క్రిస్మస్‌కి ఒకసారి తోమాం.”

“అన్నీ తెలుసే మీకు.”

“ఆసుపత్రిలో కూర్చుని ఏం చేస్తానండీ, దొరికిందల్లా చదివాను. ఎందుకు తొమ్మిది? చెప్పండి.”

“చెప్పాను కదమ్మా, రెండోది తీసుకోండి. నా మాట వినండి. ఒకవేళ మీ వారు మొదటిదే కొంటానంటే, గాలి మీట మాత్రం బిగించకండి. మంట తగ్గించకండి.”

“రాత్రి తగ్గించకపోతే ఎలా? తెల్లారేదాకా ఉండొద్దూ? పొయ్యి పుస్తకంలో రాశారు, మీట బిగించి పడుకుంటే పది గంటలు మండుతుందని.”

“పుస్తకం సంగతి వదిలెయ్యండి.”

“మీరే కదా సంతకం పెట్టింది?”

“పుస్తకం మీద కాదు, రిపోర్టు మీద.”

“రిపోర్టులో తక్కువ మంట మీద కూడా నాలుగనే ఉందిగా?”

“అది ల్యాబ్ నంబరమ్మా. ల్యాబ్ వేరు, ఇల్లు వేరు.”

“వేరంటే? నాలుగు ఐదవుతుందా? ఆరవుతుందా? ఎంతవుతుంది?”

“ఏవండీ, ఎవరు ఫోన్‌లో?”

“ఆఫీస్, సుమతీ. నువ్వు పద. బాబు ఏడుస్తున్నట్టున్నాడు, చూడు.”

“మీ ఆవిడా?”

“అవును.”

“ఆఫీస్ అని ఎందుకు చెప్పారు? అబద్ధం ఎందుకు చెప్పారండీ ఆవిడకి? నేను పొయ్యి గురించే కదా అడుగుతున్నాను?”

“వసుమతి గారూ, నేనిక మాట్లాడలేను. పాపకి తగ్గిపోతుంది. మంచి డాక్టర్లుంటారు.”

“దామోదర్ గారూ, మీది ఏ ఊరు?”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“చెప్పండి.”

“బందరు దగ్గర.”

“మాది నూజివీడు. ఇక్కడ మా చుట్టుపక్కల తెలుగు ముక్క వినపడి మూడేళ్ళయింది. నేను ఇంగ్లీషులో అడిగినవాళ్ళందరూ జవాబు చెప్పారు. షాపతను నీకు మండించడం రాదన్నాడు. పొరుగావిడ నీ కట్టెలు మంచివి కావంది. అందరూ ఎంతో మర్యాదగా చెప్పారు. తెలుగులో అడిగితే మీరొక్కరైనా నిజం చెప్తారేమోనని కాల్ చేశాను. ఆగండి, మిషన్ ఇంకో క్వార్టర్ బిళ్ళ వెయ్యమంటోంది... వేశాను. చెప్పండి. మీ బాబు మీద ఒట్టు.”

“వాడి మీద ఒట్టు పెట్టకండి!”

“మరి చెప్పండి.”

“మంట ఎక్కువుంటే అది బానే ఉంటుంది. తగ్గిస్తే పలక చల్లబడుతుంది. పొగ కాలదు. అలాగే వచ్చేస్తుంది.”

“ఎంత?”

“తక్కువ మంట మీద మూడుసార్లు టెస్ట్ చేశాం. మూడుసార్లూ ఫెయిలయింది. ఫిల్టర్ తీసి చూస్తే తారు పూసినట్టుంది.”

“ఎంత అని అడుగుతున్నాను.”

“ముప్పై. ఒకసారి ముప్పై నాలుగు.”

“గంటకా?”

“గంటకి.”

“కాగితం మీద నాలుగు అని ఉందే!”

“నాలుగోసారికి పొయ్యి కంపెనీవాళ్ళు వాళ్ళ మనిషిని పంపించారు. కట్టెలు అతనే పేర్చాడు. తలుపు అతనే వేశాడు. నన్ను కాఫీ తాగి రమ్మన్నారు. వచ్చేసరికి నాలుగు. ముందు మూడుసార్లూ మిషన్ సరిగా పనిచెయ్యలేదని కొట్టేశారు.”

“ఎవరు కొట్టేశారు?”

“నేనే. నా చేత్తో కొట్టేసి కింద సంతకం పెట్టాను.”

“ఎందుకు? ఎందుకు పెట్టారు?”

“నా గ్రీన్ కార్డు ఈ ల్యాబే ఫైల్ చేసింది. మా బాస్ నన్నేమీ బెదిరించలేదు. నీ పేపర్లు నా టేబుల్ మీదే ఉన్నాయి దామోదర్, ఇంకా పంపలేదు అన్నాడు, అంతే. సుమతికి అప్పుడు ఎనిమిదో నెల. ఎక్కడికి పోతాం? వచ్చే మార్చిలో ఇంటర్వ్యూ. సంతకం పెట్టిన రోజు నుంచి... ఆ పొయ్యి కొన్నవాళ్ళెవరూ మంట తగ్గించకూడదని దణ్ణం పెట్టుకుంటున్నానమ్మా. నమ్మండి.”

“దణ్ణం పెట్టుకున్నారా?”

“ఇంకేం చెయ్యగలను?”

“ముప్పై గ్రాములు. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఏడింటి దాకా. ఇంట్లోకి కూడా వస్తుందా?”

“తలుపు తెరిచినప్పుడల్లా వస్తుంది. బయటికి పోయింది కూడా మీ లోయలో పైకి పోదు, ఇంటి చుట్టూనే కూర్చుంటుంది. పోనీలెండి, ఇప్పటికైనా తెలిసింది. మీరింకా కొనలేదు కదా, అదృష్టవంతులు. వెంటనే షాప్‌కి ఫోన్ చేసి మీ వారికి చెప్పండి...”

“మా వారు షాపులో లేరండీ.”

“వచ్చేశారా?”

“షాపుకి వెళ్ళలేదు. లోపల పాప మంచం పక్కన కూర్చున్నారు.”

“మరి మూడు పొయ్యిలన్నారు...”

“అది సెప్టెంబరు సంగతి.”

“వసుమతి గారూ...”

“ఆ గాజు తలుపున్నది మా ఇంట్లోనే ఉంది. వెచ్చగా ఉంటుందని పాప మంచం పొయ్యి పక్క గోడకి జరిపాను. నేనే జరిపాను. రెడ్ డే అని చెప్తే వీధిలో అందరూ ఆర్పేసేవాళ్ళు. మాకు లేబుల్ ఉందిగా, మేం ఒక్కళ్ళమే వెలిగించేవాళ్ళం. రాత్రి మీట బిగించి పడుకునేవాళ్ళం. పాప దగ్గుతుంటే చలేస్తోందనుకుని ఇంకో రెండు కట్టెలు వేసేదాన్ని.”

“అమ్మా... నన్ను క్షమించండి. నాకు తెలీదు, మీరు కొనబోతున్నారనుకుని...”

“కొనేశానని చెప్తే మీరు నిజం చెప్పేవారా? తడి కట్టెలు వేశావని మా వారు నాతో నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. నేనే పిల్లని పాడుచేశానని ఆయన మొహంలో కనబడుతోంది. నాకూ అదే అనిపించింది. ప్రతి కట్టెనీ చేతిలోకి తీసుకుని చూశానండీ, ఎక్కడ తడి ఉందా అని.”

“మీ తప్పు కాదు. మీ తప్పేమీ లేదమ్మా.”

“ఆ మాట మా వారితో చెప్తారా? ఆయన్ని పిలుస్తాను.”

“చెప్తాను. పిలవండి.”

“డాక్టరుతో?”

“డాక్టరుతో...”

“మా వీధిలో ఇంకో ఇద్దరు అదే కొన్నారు. ఒకావిడ కడుపుతో ఉంది. లేబుల్ ఇచ్చినవాళ్ళకి చెప్పాలి కదా? మూడుసార్లు ఫెయిలయిందని మీరు కాగితం మీద రాసిస్తే...”

“అమ్మా, నేను చెప్పిందంతా చెప్పుకోండి. పొయ్యి మంచిది కాదని చెప్పండి, తక్కువ మంట మీద ముప్పై అని చెప్పండి. రేపు పాప వచ్చాక ఆ పొయ్యి అంటించకండి. కరెంటు బిల్లు నేను కడతాను, ఈ చలికాలం మొత్తం నేను కడతాను, అడ్రస్ చెప్పండి. కానీ ఒక్కటి. నా పేరు మాత్రం ఎక్కడా బయటికి రానివ్వకండి. మార్చి దాకా. మీకు దణ్ణం పెడతాను. నా పేరు మాత్రం...”

“షాపతను తొమ్మిది గ్రాములదే కొనమన్నాడండీ. మా వారు సరేనన్నారు కూడా. కాగితం కింద మీ పేరు చూసి నేనే ఆపాను. తెలుగాయన సంతకం పెట్టాడు, ఇంక కళ్ళు మూసుకుని కొనొచ్చు అన్నాను.”