హాస్టల్ కిటికీ

పెనుకొండలో ఆమె చదువుకునే కాలేజీ హాస్టల్‌నే కోవిడ్ వార్డుగా మార్చారు. తండ్రికి మంచం దొరికింది ఆమె గదిలోనే. ఆమె గేటు బయట నిలబడి ఫోన్‌లో మాట్లాడుతోంది.

"నాయనా, గోడకు నా టైంటేబుల్ ఉండాదా?"

"ఉండాది పాపా. పక్కన నీ బొట్టుబిళ్లలు గూడా అట్లే ఉండాయి."

"అయితే అది నా మంచమే. తిన్యావా?"

"తిన్యాలే. నీ పరీక్షలు ఎప్పుడంట?"

"వార్డు ఎత్తేసినాక గదులు కడిగి, మమ్మల్ని పిలిచి సెమిస్టర్ పరీక్షలు పెడతారంట."

"అయితే నేను బిన్నా కోలుకోవాల. నీ మంచం నీకు ఇడిసిపెట్టాల."

"మంచానికేం తొందర లేదు నాయనా."

"బండ్ల రొద వినిపిస్తాంది. యాడుండావు?"

"గేటు కాడ. ధర్మవరం నుంచి మామ బండిలో వచ్చినా. లోపలికి ఇడవరంట. ఆదివారం నువ్వు చిత్రాన్నం డబ్బా తీసుకొని వస్తాంటే, నేను ఆ కిటికీలోంచే సూస్తాంటి. ఒక్కసారి లేచి తెరువు నాయనా, నిన్ను సూడాల."

"లేస్తా ఉండు."

"గడియ బిగుసుకోనుంటాది. రెక్కను నీ పక్కకు లాగి దాన్ని ఎత్తు."

చాలాసేపు ఫోన్‌లో ఆయాసం ఒక్కటే వినిపించింది.

"తెరిచినా పాపా. బాగా కనపడతాండావు. ఆ పచ్చ చుడీదారే వేసుకోనొచ్చినావే!"

పైన కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. ఆమె తన ఎర్ర చుడీదారు మీది చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఔ నాయనా, అదే. నువ్వు గూడా బాగా కనపడతాండావు. ఇంగ పోయి పండుకో."